నొప్పిని నొక్కేస్తున్నాం... పాచిని వదిలేస్తున్నాం
ఉద్దానం పల్లెల్లో పళ్ళ సంగతి

(గ్రామీణ విలేకరి)

సోంపేట: ఉద్దానంలో ఏ పల్లెకు వెళ్ళినా తెల్లవారుజామున కనిపించే దృశ్యం ఒకటే. రచ్చబండ మీదో, కొబ్బరితోట గట్టు మీదో నలుగురు కూర్చుని ఉంటారు. నలుగురి నోళ్ళలోనూ పందుంపుల్లలుంటాయి. పక్క ఊరి తగవు దగ్గర్నుంచి జీడిపిక్కల ధర దాకా అన్ని సంగతులూ అక్కడే తేలతాయి. పుల్ల నోట్లో ఉండేది అరగంట. అందులో అది పళ్ళ మీద ఆడేది రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆ రెండు నిమిషాలూ ముందు పళ్ళకే. దవడ పళ్ళ లోపలి వైపు సంగతి ఎవరికీ పట్టదు.

ఆ తర్వాత మళ్ళీ పళ్ళు గుర్తుకొచ్చేది నొప్పి పుట్టినప్పుడే. నొప్పి పుట్టాక మాత్రం ఎవరికి తోచిన వైద్యం వారు చేస్తారు. పొగాకు ముక్క నలిపి బుగ్గన పెట్టుకునేవారు కొందరు. పిప్పి పన్నులో జిల్లేడు పాలు పోసుకునేవారు కొందరు. మందుల షాపులో 'నొప్పి బిళ్ళ' అడిగి తెచ్చుకునేవారు అందరికన్నా ఎక్కువ. సంతలో పంటి పురుగు తీస్తామని కూర్చునేవారి ముందు నోరు తెరిచినవారూ పెద్దవాళ్ళలో తక్కువేమీ కాదు. నొప్పి తగ్గితే పన్ను బాగుపడిందనే లెక్క. చివరికి పన్ను కదిలి ఊడితే 'వయసొచ్చింది' అనుకోవడం పరిపాటి అయిపోయింది.

నలభై ఏళ్ళకే దవడ పళ్ళు రాలిపోవడానికి వయసు కారణం కాదు. పాచి కారణం.

పాచి చేసే పని

పాచి అనే మాట మన భాషలో ఎప్పటినుంచో ఉంది. 'పాచి నోటితో ఏమీ తినకూడదు' అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. రాత్రి తెల్లవార్లూ పళ్ళ మీద పట్టే ఆ మెత్తని జిగురులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. మనం తిన్న తీపి, పిండిపదార్థం వాటికి తిండి. అది తిని అవి పులుపును వదులుతాయి. ఆ పులుపు పంటి పైపొరను కరిగిస్తుంది. పన్ను పిప్పి కావడమంటే అదే. అక్కడ పురుగూ లేదు, పుట్రా లేదు. సంతలో వాకుడు గింజల పొగ పట్టించి దూది మీద చూపించే పురుగులు పన్నులోంచి వచ్చినవి కావు.

అదే పాచి చిగురు అంచున చేరితే జరిగేది మరొకటి. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది. పుల్ల తగిలితే రక్తం వస్తుంది. నొప్పి మాత్రం ఉండదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తీయకుండా వదిలేసిన పాచి మీద ఉమ్మిలోని లవణాలు పేరుకుని కొద్ది రోజుల్లోనే గట్టిపడతాయి. దాన్నే గార అంటున్నాం. కింది ముందు పళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళ బయటివైపు గార ఎక్కువగా కడుతుంది. ఉమ్మి ఊరే గొట్టాలు నోట్లోకి తెరుచుకునేది ఆ చోట్లనే. గార కట్టాక పుల్లకూ లొంగదు, బ్రష్షుకూ లొంగదు. దాని మీద మళ్ళీ పాచి చేరుతుంది. చిగురు పంటిని వదిలి కిందికి జారుతుంది. లోపల పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరుగుతుంది. పన్ను ఏ పుచ్చూ లేకుండా నిక్షేపంగా కనబడుతూనే ఒకనాడు కదలడం మొదలుపెడుతుంది.

చిగురు వాపుకు పాచే మూలమని తేల్చిన ఒక పరీక్ష ఉంది. డెన్మార్కులోని ఆర్హస్ దంతవైద్య కళాశాలలో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 1965లో ప్రచురితమయ్యాయి. చిగుళ్ళు బాగున్న 12 మందిని పళ్ళు తోముకోవడం పూర్తిగా మానెయ్యమన్నారు. 10 రోజుల నుంచి 21 రోజుల లోపల పన్నెండు మందికీ చిగుళ్ళు వాచాయి. ఒక్కరు కూడా తప్పించుకోలేదు. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారం రోజుల్లోనే చిగుళ్ళు మామూలుగా అయ్యాయి. మందూ లేదు, మాకూ లేదు.

మన పల్లెల్లో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతోంది. తోముతుంటే రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేస్తున్నారు. రక్తం వచ్చేది అక్కడ పాచి ఉన్నందువల్ల. మానేస్తే అది మరింత పెరుగుతుంది. మెత్తని బ్రష్షుతో ఆ చోటనే రోజుకు రెండుసార్లు నెమ్మదిగా తోమితే వారం పది రోజుల్లో రక్తం ఆగుతుంది. రెండు వారాలైనా ఆగకపోతే గార కట్టి ఉన్నట్టే. అప్పుడు దాన్ని ఆసుపత్రిలో తీయించుకోవలసిందే.

పుల్లయినా సరే, బ్రష్షయినా సరే

వేప పుల్ల మంచిదా, బ్రష్షు మంచిదా అన్న వాదన రచ్చబండ దగ్గర ఏనాటికీ తెగదు. వేప, కానుగ, తుమ్మ, మర్రి ఊడ, ఉత్తరేణి వేరు - వీటితో తాతముత్తాతలు పళ్ళు తోముకున్న మాట నిజమే. ఇప్పుడైనా వాటిని తీసిపారేయాల్సిన పని లేదు. అయితే పుల్లను వాడే పద్ధతి తెలిసినవారు తగ్గిపోయారు. చిటికెనవేలంత లావున్న పచ్చిపుల్ల కావాలి. కొనను ఓపికగా నమిలి కుంచెలా చేసుకోవాలి. నార గట్టిగా ఉంటే చిగురు గీరుకుపోతుంది. ఒక్కొక్క పంటినీ చిగురు నుంచి పంటి కొనవైపు తోమాలి. చివర పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవడం మన పెద్దల అలవాటు. అది చాలా మంచి అలవాటు. బ్రష్షులు వచ్చాక దాన్ని వదిలేశాం.

పుల్లకు ఒక లోపం ఉంది. దవడ పళ్ళ లోపలి వైపుకు అది సరిగా తిరగదు. చిన్న తల ఉన్న మెత్తని బ్రష్షు తిరుగుతుంది. అందుకని పొద్దున్న పుల్ల వదలలేనివారు రాత్రికైనా బ్రష్షు పట్టుకుంటే మంచిది.

బొగ్గుపొడి, కచ్చిక, ఇసుక, ఇటుకపొడి మాత్రం మానుకోవాలి. వాటితో తోమితే పళ్ళు తెల్లగా కనిపిస్తాయి. గిన్నె తోమినట్టు అవి పంటిని కూడా అరగదీస్తాయి. చిగురు దగ్గర పంటి మెడ సన్నగా గాడి పడుతుంది. ఆ తర్వాత చల్లనీళ్ళు తాగినా, చింతపండు పులుసు తిన్నా జివ్వుమంటుంది. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు. గట్టి బ్రష్షుతో అడ్డంగా బరబరా రుద్దేవారికీ ఇదే గతి.

బ్రష్షును చిగురు అంచున కొంచెం వాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. బయట, లోపల, నమిలే వైపు అన్నీ కలిపి రెండు నిమిషాలు. ఫ్లోరైడు ఉన్న పేస్టు పెద్దలకు బఠాణీ గింజంత చాలు. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడుగునా పరచనక్కర్లేదు. అది పేస్టు త్వరగా అయిపోవడానికే. తోమాక నురుగు ఉమ్మేయాలి. బిందెడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడు కూడా కొట్టుకుపోతుంది. బ్రష్షు కుచ్చు విచ్చుకుపోతే పారేయాలి. మామూలుగా మూడు నెలలకు మించి వాడకూడదు. ఇంటిల్లిపాదికీ ఒకే బ్రష్షు ఉండే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా నిజం.

అన్నింటికన్నా ముఖ్యమైనది రాత్రి తోమడం. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. నోటిని కడిగేది, పులుపును విరిచేది ఉమ్మే. అది లేని ఆరేడు గంటలూ పాచిదే రాజ్యం. రెండుసార్లలో ఒక్కసారే వీలవుతుందంటే రాత్రిపూట తోమడమే మేలు. పొలం నుంచో, వేట నుంచో, జీడి పరిశ్రమ నుంచో అలసి వచ్చి అన్నం తిని వాలిపోయేవారికి ఇది కష్టమే. అన్నం తిన్న చెయ్యి కడుక్కున్నప్పుడే బ్రష్షు కూడా చేతికి తీసుకుంటే మళ్ళీ లేవాల్సిన పని ఉండదు.

టీ సంగతి కూడా చెప్పుకోవాలి. పని చోట రోజుకు ఏడెనిమిది సార్లు చక్కెర టీ తాగడం అలవాటైంది. తీపి ఎంత తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పళ్ళకు ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ అరగంట పైగా పులుపు పంటిని తింటూ ఉంటుంది. తినే తీపి ఏదో భోజనంతో పాటే తినేస్తే పళ్ళకు మిగతా సమయం తెరిపి దొరుకుతుంది. బెల్లం టీ అయితే ఫరవాలేదన్న మాటలో పస లేదు. పాచికి బెల్లమైనా చక్కెరే.

అడ్డపొగ

ఈ జిల్లాలో పళ్ళు, చిగుళ్ళ గురించి రాస్తూ అడ్డపొగ గురించి రాయకపోతే అసలు సంగతి వదిలేసినట్టే. చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకుని పొగ తాగడమే అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఇది తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, ఒళ్ళోని బిడ్డ మీద నుసి రాలదని, చుట్ట ఎక్కువసేపు కాలుతుందని కారణాలు చెబుతారు. ఇప్పటి అమ్మాయిల్లో అది బాగా తగ్గింది. అరవై దాటిన మామ్మల్లో ఇంకా ఉంది.

బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు 1960ల ద్వితీయార్ధంలో దేశంలోని 5 జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించారు. ఆ ఫలితాలు 1969లో వెలువడ్డాయి. ఆ ఐదు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. మిగతా ప్రపంచంలో అంగిలికి కాన్సరు రావడం అరుదు. అడ్డపొగ తాగేవారిలో వచ్చేది అక్కడే. నిప్పు వేడీ పొగా నేరుగా తగిలి అంగిలి ముందు తెల్లబడుతుంది, మందమవుతుంది, ఎర్రని చుక్కలు తేలతాయి. ఆ మచ్చలు నొప్పి పెట్టవు. తెలిసేసరికి పుండవుతుంది.

అదే పరిశోధకులు ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారికి మానెయ్యమని నచ్చజెబుతూ ఏళ్ళ తరబడి తిరిగారు. 1986లో వచ్చిన ఫలితాల్లో, మానినవారిలో ఇటువంటి మచ్చలు పుట్టడం బాగా తగ్గినట్టు తేలింది. 'ముప్పై ఏళ్ళు కాల్చాక ఇప్పుడు మానేసి లాభమేటి' అనే మామ్మలకు చెప్పవలసిన సంగతి ఇదే.

పొగాకుకు మరో గుణం ఉంది. చాలామందికి తెలియనిది కూడా ఇదే. పొగ తాగేవారి చిగుళ్ళకు రక్తప్రసారం తగ్గుతుంది. అందువల్ల చిగురు చెడిపోతున్నా రక్తం పెద్దగా రాదు. రక్తం రావడం లేదు గనక చిగుళ్ళు బాగున్నాయనుకుంటారు. లోపల ఎముక కరిగిపోతూనే ఉంటుంది. పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుంటే పన్ను నొప్పి తగ్గినట్టుండటం కూడా ఇటువంటి మాయే. పన్ను నొప్పికని మొదలుపెట్టిన ముక్క, పన్ను ఊడిపోయినా బుగ్గను వదలదు. పొగాకు కలిపిన పళ్ళపొడి, పేస్టుల తయారీని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పళ్ళకు పొగాకు మందు కాదని ప్రభుత్వం తేల్చి మూడు దశాబ్దాలు దాటింది. మన ఊళ్ళలో ఆ నమ్మకం మాత్రం అలాగే ఉంది.

చిన్నవాళ్ళలో గుట్కా, ఖైనీ పొట్లాల బెడద వేరే. వక్క కలిసినవి నమిలేవారికి కొన్నాళ్ళకు బుగ్గలు బిగుసుకుని నోరు తెరుచుకోదు. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే అనుమానించాలి.

బిళ్ళ వేసుకుంటే పోయేది పన్నేనా?

ఉద్దానానికి ఉన్న మరో కష్టం అందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతికితే గాని దొరకదు. దాని మూలకారణం మీద ఇంకా పరిశోధనలు సాగుతున్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

మూలకారణం సంగతి ఎలా ఉన్నా, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్న దానిలో వైద్యులకు రెండో మాట లేదు. పన్ను నొప్పికి జనం షాపులో అడిగి తెచ్చుకునేది సరిగ్గా ఆ బిళ్ళలే. పిప్పి పన్ను నొప్పి ఒక్క రోజుతో పోదు. బిళ్ళ వేస్తే తగ్గుతుంది, మందు దిగాక మళ్ళీ వస్తుంది. అలా వారాల తరబడి మింగుతూ పోయేవారున్నారు. తనకు కిడ్నీ జబ్బు మొదలైన సంగతి చాలామందికి మొదట్లో తెలియదు. కాళ్ళవాపు వచ్చాక గాని పరీక్షకు వెళ్ళరు. ఇటువంటి ప్రాంతంలో పన్ను నొప్పికి బిళ్ళ మింగడం మామూలు విషయం కానే కాదు.

నొప్పి వచ్చిన రాత్రికి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించవచ్చు. లవంగ నూనె చుక్క దూదితో పన్నులో పెట్టుకోవచ్చు. అవి తెల్లవారేదాకా ఆగడానికే. తప్పనిసరైతే పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో ఊరి ఆరోగ్య కార్యకర్తను గాని డాక్టరును గాని అడిగి వేసుకోవాలి. ఆస్పిరిన్ బిళ్ళ నలిపి చిగురు మీద పెడితే చిగురు కాలి తెల్లని పుండు పడుతుంది. జిల్లేడు పాలు కూడా అంతే.

షుగరు జబ్బున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా చెడతాయి. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది.

ఆరో ఏటి పన్ను

పిల్లల విషయంలో తల్లిదండ్రులు పొరపడే చోటు ఒకటుంది. పిల్లలకు ఆరో ఏట పాల పళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. కిందా పైనా కలిపి అవి నాలుగు. ఏ పన్నూ ఊడలేదు గనక ఇవీ పాల పళ్ళే అనుకుంటారు. పిప్పి పడితే 'ఊడి మళ్ళీ వస్తుందిలే' అని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండవలసిన పళ్ళు. మళ్ళీ రావు. ఆరేళ్ళ గుంటడి నోరు తెరిచి చివర ఏమున్నదో ఒకసారి చూడటానికి డాక్టరు అక్కర్లేదు.

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలు తమంతట తాము సరిగ్గా తోముకోలేరు. పెద్దవాళ్ళే తోమాలి. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, ఆ పైన బఠాణీ గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చితే పై ముందు పళ్ళు ముందు పుచ్చుతాయి.

భయాలు

పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళకపోవడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న భయం ఊరూరా ఉంది. పై పంటికీ చూపుకూ సంబంధం లేదు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది ఇంకో భయం. పళ్ళ సందుల్లో నిండిన గార పోయాక సందులు కనబడతాయి, నాలుకకు వెలితిగా తగులుతుంది. పన్ను అప్పటికే వదులై ఉంది, గార దాన్ని కప్పిపెట్టింది. నెల రోజుల్లో చిగురు బిగుసుకుంటుంది.

నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను - వీటిలో ఏది కనబడినా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. అవసరమనుకుంటే అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కు గాని, అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికి గాని వెళ్ళవచ్చు. చుట్ట, ఖైనీ మానాలనుకునేవారు 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

కిడ్నీ జబ్బున్నవారు పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు వెంట తీసుకువెళ్ళాలి. ఆ సంగతి ముందే చెబితే డాక్టరు ఇచ్చే మందు మారుతుంది. డయాలసిస్ చేయించుకుంటున్నవారు అదే రోజు పన్ను తీయించుకోకూడదు. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు గనక ఆ రోజు రక్తం త్వరగా ఆగదు. మామూలుగా మర్నాడు తీస్తారు. ఏ రోజన్నది డయాలసిస్ కేంద్రంలో ముందుగా అడిగి తెలుసుకుని ఆ మేరకు బయలుదేరడం మంచిది.